ఎల్లలు దాటిన చేబదులు

మన పల్లెలలో అప్పునకు పెక్కు పేర్లు గలవు. కాగితము వ్రాసి పుచ్చుకొన్నది నోటు బాకీ. నగ యుంచి తెచ్చుకొన్నది తాకట్టు. గింజలు తెచ్చుకొని కళ్లమునాడు హెచ్చుగా కొలిచి యిచ్చునది నాగు. వీనిలో చేరనిది, పత్రము గాని వడ్డీ గాని సాక్షి గాని లేనిది మరియొకటి కలదు. అది చేబదులు. దానికి పూచీ పరిచయమొక్కటే. పొరుగింటి వానిని ఎరిగియుందుము గనుక ఇత్తుము. అతడు మనలను ఎరిగియుండును గనుక తిరిగి యిచ్చును. ఊరిలో రెండు కక్షలు పుట్టినపుడు తొలుత ఆగిపోవునది ఈ చేబదులే. మజ్జిగ ముంతయు, పది రూపాయలును ఒక గుమ్మము నుండి వేరొక గుమ్మమునకు పోవుట మానెనా, పంచాయతీ రికార్డులలో ఒక్కటిగానే యున్నను ఆ ఊరు రెండైనదని పెద్దలు గ్రహింతురు.

ఈ మాటను ముందుగా ఎత్తుకొనుటకు కారణము కలదు. గడచిన ఇరువది యేండ్లలో అంతర్జాలము ద్వారా, ముఖమెరుగని దూరదేశస్థునకు చిన్న మొత్తము అప్పుగా ఇచ్చు పద్ధతి యొకటి ప్రబలినది. పరస్పర వైరము గల జాతుల నడుమ సైతము ఈ పద్ధతి కొంత సౌమనస్యమును కలిగింపగలదని కొందరు విద్యావంతులు నమ్మి, నమ్మిన దానిని ఆచరించి చూచిరి. ఆగిపోయిన చేబదులును మరల నడిపించుట వలన ఆగిపోయిన మాటలు కూడ నడచునా అనునది వారి ప్రశ్న. ఆ నమ్మకము ఎంతవరకు నిలుచునో ఈ పాఠమున విచారింతము.

ముందుగా దానమునకును అప్పునకును గల భేదమును గుర్తింపవలెను. దానమునందు ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద. ఇచ్చిన మరుక్షణమున దాత తన పని ముగిసినదని మరచిపోవచ్చును. అప్పునందు అట్లు కాదు. ఇచ్చినవాడు వేచియుండవలెను; పుచ్చుకొన్నవాని వ్యాపారము సాగుచున్నదా, వాన కురిసినదా, బిడ్డ జబ్బు నయమైనదా అని, తన సొమ్ము కొరకైనను సరే, విచారించుచుండవలెను. బాకీ తీరిన నాడు ఇరువురును సమానులై నిలుతురు. కాయకమును గూర్చి మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. దానము ఒకనాటి కూటికి సరిపోవును. అప్పు ఎదుటివాని కాయకమునకు పెట్టుబడి యగును.

చిన్న అప్పుల సంగతి లోకమున ప్రసిద్ధమగుటకు మూలపురుషుడు బంగ్లాదేశమునకు చెందిన ముహమ్మద్ యూనస్. ఆయన చిట్టగాంగు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడు. 1976 లో విశ్వవిద్యాలయమునకు సమీపమున నున్న జోబ్రా గ్రామమున విచారింపగా, వెదురు పీటలు అల్లు స్త్రీ మొదలుగా 42 మంది వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కియున్నట్లు తెలిసెను. వారందరి బాకీ కలిపి లెక్కింపగా 856 టాకాలు. నాటి విలువలో 27 డాలర్లకు లోపు. ఇంత స్వల్పమునకు ఇందరు బానిసలైరా అని ఆయన ఆ సొమ్మును తానే ఇచ్చెను. ఆ పని పెరిగి 1983 లో గ్రామీణ బ్యాంకుగా రూపొందెను. 2006 లో యూనస్‌కును ఆ బ్యాంకునకును కలిపి నోబెల్ బహుమానము లభించెను. అది అర్థశాస్త్రమునకు కాక శాంతికి ఇయ్యబడిన బహుమానమని చదువరులు గమనింపవలెను. జనబాహుళ్యము దారిద్ర్యము నుండి వెలువడు మార్గము లేనిదే శాంతి చిరకాలము నిలువదని ఆ సమితివారి ఆశయము. అప్పునకును శాంతికిని గల సంబంధమును లోకము అంగీకరించిన ఘట్టమిది. కాని అప్పటికి అప్పిచ్చువాడు బ్యాంకే, మనుష్యుడు కాడు.

మనుష్యుని తెచ్చి ఎదుట నిలిపినది కివా అను అమెరికా సంస్థ. స్వాహిలీ భాషలో ఆ పదమునకు ఐకమత్యమని అర్థమట. మాట్ ఫ్లానరీ, జెసికా జాక్లీ అను దంపతులు దీనిని 2005 లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున స్థాపించిరి. అంతకు కొలది కాలము పూర్వము జాక్లీ యూనస్ ఉపన్యాసమును విని, తూర్పు ఆఫ్రికాకు పోయి చిన్న వ్యాపారులను చూచి వచ్చెను. తొలి ప్రయత్నముగా ఉగాండాలోని టొరోరో ప్రాంతమున ఏడుగురు చిరువ్యాపారుల వివరములను అంతర్జాలమున నుంచి, తమ బంధుమిత్రులకు తెలిపిరి. సొమ్ము కొలది దినములలో పోగయ్యెను; కొన్ని నెలలలో అంతయు తిరిగి వచ్చెను. పిమ్మట ఆ పని దేశదేశములకు వ్యాపించి, నేటికి ఇచ్చిన అప్పుల మొత్తము రెండువందల కోట్ల డాలర్లను దాటినది. తిరిగి వచ్చినది నూటికి తొంబదియైదు పాళ్లకు మించియే యున్నది.

ఇందు సొమ్ము నడచు మార్గమును కొంత వివరముగా తెలిసికొనుట అవసరము; ఏలయన తరువాతి చిక్కులన్నియు ఈ మార్గముననే యున్నవి. ఒక్కొక్కరు ఇయ్యదగిన కనీసపు మొత్తము చాలకాలము 25 డాలర్లుగా నుండెను. ఒక దర్జీకి కుట్టుయంత్రము కొరకు 1000 డాలర్లు కావలెననుకొందము. నలుబది మంది తలా ఒక పాతికను వేసినచో అది పూర్తియగును. వారందరు ఒక దేశమువారు కానక్కరలేదు; ఒక మతమువారు కానక్కరలేదు. దర్జీ ఛాయాచిత్రము, ఊరు, కుటుంబము, అప్పు కోరుటకు కారణము, వాయిదాల పట్టిక అన్నియు తెరపై కనబడుచుండును. ఆ సొమ్ము తిన్నగా దర్జీ చేతికి పోదు. అతని దేశమున నున్న ఋణసంస్థ యొకటి నడుమ నుండును. అప్పును మంజూరు చేయునదియు, వాయిదాలు వసూలు చేయునదియు ఆ సంస్థయే. ఇచ్చినవారికి వడ్డీ రాదు. అసలు మాత్రమే కొంచెము కొంచెముగా చేరుచుండును. కాని దర్జీ తన ఊరి సంస్థకు వడ్డీ కట్టవలెను. ఆ సంస్థకును ఉద్యోగులు, అద్దెలు, ఊరూర తిరుగు ఖర్చులు ఉన్నవి గదా!

ఈ తుది విషయము తెలియక పెక్కు మంది భ్రమపడిరి. 2009 లో డేవిడ్ రూడ్‌మన్ అను అమెరికా పరిశోధకుడు ఆ భ్రమను బహిరంగముగా తొలగించెను. తెరపై దర్జీ ముఖమును చూచి మనము పాతిక డాలర్లు వేయునప్పటికే ఆ దర్జీకి స్థానిక సంస్థ అప్పు ఇచ్చివేసియుండుట పరిపాటి యని, మన సొమ్ము వాస్తవముగా ఆ సంస్థ నిధిని నింపుచున్నదని ఆయన వ్రాసెను. కివా వారు ఆ విమర్శను త్రోసిపుచ్చక, తమ పద్ధతిని ఉన్నదున్నట్లుగా వివరించుచు తమ పుటలను సవరించుకొనిరి. ఈ నిజాయితీ మెచ్చదగినది. అయినను మన ప్రశ్నకు ఇది గట్టి దెబ్బ. నడుమ ఒక కార్యాలయము ఉన్నచో దానిని చేబదులనవచ్చునా? నా అభిప్రాయమున, సొమ్ము విషయమున అది చేబదులు కాదు. ఎరుక విషయమున కొంతవరకు అగును. ఈ భేదమే మున్ముందు మనకు దారి చూపును.

ఇక విభక్త సమాజముల సంగతి. యూదులకును పాలస్తీనా అరబ్బులకును నడుమ గల వైరము లోకవిదితము. 1967 యుద్ధానంతరము జోర్డాను నదికి పడమట నున్న వెస్ట్ బ్యాంకు ప్రాంతము ఇజ్రాయెల్ సేనల ఆధీనమునకు వచ్చెను. 1993, 1995 సంవత్సరముల ఓస్లో ఒడంబడికలు కొంత ఆశను పుట్టించినవి. 2000 లో మొదలైన రెండవ తిరుగుబాటుతో ఆ ఆశ ఇంకిపోయెను. 2002 నుండి అడ్డుగోడయు, తనిఖీ చావడులును పెరిగినవి. ఒకప్పుడు కూలికొరకు, సంతకొరకు అటునిటు తిరిగినవారు క్రమముగా ఒకరినొకరు చూచుటయే మానిరి. ఇజ్రాయెల్ యువకునకు కనబడు పాలస్తీనీయుడు తనిఖీ వరుసలో నిలిచినవాడు. పాలస్తీనా బాలునకు కనబడు ఇజ్రాయెలీయుడు తుపాకి పట్టిన సైనికుడు. దర్జీ, మంగలి, తేనెటీగలు పెంచువాడు – ఇట్టివారు ఎవరికిని కనబడరు.

ఈ స్థితిలో, 2000 దశకము చివర, అమెరికాలోని విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు లెండ్ ఫర్ పీస్ అను పేర ఒక చిన్న సంస్థను నెలకొల్పిరి. శాంతి కొరకు అప్పిమ్ము అని ఆ పేరునకు అర్థము. వారిలో యూదు కుటుంబములవారును, పాలస్తీనా మూలములు గలవారును ఉండిరి. వెస్ట్ బ్యాంకులోని చిరువ్యాపారులకు అంతర్జాలము ద్వారా అప్పు చేకూర్చుట వారి పని. పద్ధతి కివా పద్ధతియే, ఉద్దేశము వేరు. కివా దారిద్ర్యమును లక్షించినది. వీరు వైరమును లక్షించిరి. అమెరికాలో సుఖముగా నున్న యూదుడు పాలస్తీనా గృహిణికి పాతిక డాలర్లు అప్పిచ్చి, ఆమె నెలనెలా కట్టు వాయిదాను అందుకొనుచుండినచో అతని మనస్సులో ఆ జాతిని గూర్చిన చిత్రము మారక మానునా అని వారి ఆశ.

ఈ ఆశకు శాస్త్రబలము కొంత కలదు. 1954 లో గోర్డన్ ఆల్‌పోర్టు అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు దురభిమానమును గూర్చి గొప్ప గ్రంథమును రచించెను. విరోధవర్గములవారు కలిసికొన్నంత మాత్రమున ద్వేషము తగ్గదనియు, తగ్గవలెనన్న నాలుగు అనుకూలతలు కావలెననియు అందు ఆయన ప్రతిపాదించెను. కలయికలో ఇరువురును సమానస్థాయిలో నుండవలెను. ఉభయుల లక్ష్యము ఒక్కటి కావలెను. దాని కొరకు పోటీపడక కలిసి పాటుపడవలెను. ప్రభుత్వమో, పెద్దలో, చట్టమో దానికి అండగా నిలువవలెను. ఈ గీటురాతిపై అప్పును గీచి చూడుడు. అప్పు తీరవలెననునది ఇరువురి లక్ష్యము. వ్యాపారము సాగినచో ఇరువురికిని మేలు. ఈ రెండును కుదిరినవి. సమానత యన్నది సగమే కుదిరినది. ఒకడు ఇష్టమైనచో ఇచ్చును, లేనిచో తెర మూసివేయును; మరియొకడు తన ముఖమును, తన యింటి కష్టమును లోకమున ప్రదర్శించి వేచియుండవలెను. ఇచ్చువాని యింటి సంగతి పుచ్చుకొనువానికి తెలియదు. చేబదులులో ఉభయుల గుట్టును ఉభయులకు తెలిసియుండును. ఇక్కడ గుట్టు ఒక వైపే విప్పబడినది. ఇది చిన్న లోపము కాదు. ఇక నాలుగవ దాని మాట, అనగా పెద్దల అండ, తరువాత చెప్పెదను.

పరస్పర లావాదేవీలు శాంతిని కాపాడుననుటకు మన దేశమునందే మంచి నిదర్శనము కలదు. అశుతోష్ వార్ష్ణేయ అను రాజనీతి పండితుడు 2002 లో ప్రకటించిన గ్రంథమున మన నగరములను జంటలు జంటలుగా పోల్చి చూచెను. హిందూ ముస్లిం కలహములు మాటిమాటికి చెలరేగిన అలీగఢ్‌ను అట్లు చెలరేగని కాలికట్‌తోను, మన హైదరాబాదును లక్నోతోను ఆయన పోల్చెను. లక్నో యందు చికన్ బుటేదారీ పని చేయువారిలో అధికులు ముస్లిములు. ఆ సరకును కొని అమ్ము వర్తకులలో అధికులు హిందువులు. బయానాలు, బాకీలు, నమ్మకముపై ఇచ్చిన సరకులు – వీనితో అల్లుకొన్న వ్యాపారమది. కలహము పుట్టినచో ఇరువురి పొయ్యిలును ఆరిపోవును. కనుక వదంతి పుట్టినపుడు దానిని అణచుటకు ఇరువైపుల పెద్దలును పరుగిడుదురు. అయితే వార్ష్ణేయ మరియొక మాట కూడ చెప్పెను. పండుగకు మిఠాయి పంచుకొనుట, పిల్లలు కలిసి ఆడుకొనుట వంటి నిత్యసంబంధములు చిన్న ఊరికి చాలును గాని నగరమున ఉద్రేకము చెలరేగిన నాడు నిలువవనియు, ఉభయ మతములవారు సభ్యులుగా గల వర్తక సంఘములు, కార్మిక సంఘములు, వృత్తి సంఘములు ఉన్నచోటనే ఆ ఉద్రేకము కట్టుబడుననియు ఆయన నిర్ణయము.

ఈ నిర్ణయమును బట్టి చూచినచో అంతర్జాలపు అప్పు ఏ కోవకు చెందును? అది నిత్యసంబంధము కాదు. ఇచ్చిపుచ్చుకొనువారు ఒక వీధివారు కారు. అది సంఘమును కాదు. ఇరువురును ఒక గదిలో కూర్చుండి మాటలాడరు. ఇచ్చువాడు న్యూయార్కులో, పుచ్చుకొనువాడు నాబ్లస్‌లో. పైగా వైరము ప్రత్యక్షముగా రగులుచున్నది ఇజ్రాయెలీయునకును పాలస్తీనీయునకును నడుమ; అప్పు నడచునది అమెరికా వానికిని పాలస్తీనీయునకును నడుమ. నాబ్లస్‌లో వదంతి పుట్టిననాడు న్యూయార్కు ఋణదాత పరుగెత్తి రాలేడు. కావున అల్లర్లను ఆపు శక్తి దీనికి కలదని ఎవరైన చెప్పినచో నమ్మవలదు.

ఇక పెద్దల అండను గూర్చి. 1995 ఒడంబడిక ప్రకారము వెస్ట్ బ్యాంకు మూడు భాగములుగా విభజింపబడెను. అందు సుమారు అరువది పాళ్లు గల మూడవ భాగము పూర్తిగా ఇజ్రాయెల్ అధికారమున నున్నది. అచ్చట పశువుల కొట్టము వేయవలెనన్నను, నీటి తొట్టి కట్టవలెనన్నను ఆ అధికారుల అనుమతి కావలెను. అది దొరకుట మిక్కిలి అరుదు. అప్పు తెచ్చి వేసిన కొట్టమును కూల్చివేసినచో వాయిదా ఎట్లు కట్టగలడు? పాలస్తీనీయులకు స్వంత నాణెము కూడ లేదు. సంతలో నడచునది ఇజ్రాయెల్ షెకెల్. జోర్డాను దీనారును, డాలరును కూడ చెల్లును. ఒక నాణెమున సంపాదించి మరియొక నాణెమున బాకీ తీర్చవలసి వచ్చినచో మారకపు ధర తప్పిన నష్టము వాని నెత్తిననే పడును. ఇంకొక విచిత్రము వినుడు. కివాకు అప్పిచ్చువారి సొమ్ము పేపాల్ అను అంతర్జాల చెల్లింపు సంస్థ ద్వారా చేరుచుండెను. ఆ సంస్థ ఆ సేవకు రుసుము మానుకొని ఉదారముగా తోడ్పడెను. అదే సంస్థ వెస్ట్ బ్యాంకు పాలస్తీనీయులకు ఖాతాలు తెరువలేదు. ఆ ప్రాంతముననే నివసించు ఇజ్రాయెల్ వలసవాసులు మాత్రము వాడుకొనుచుండిరి. 2016 లో పాలస్తీనా వ్యాపార సంస్థలు పెక్కు కలిసి ఈ భేదమును తొలగింపుడని బహిరంగముగా విజ్ఞప్తి చేసెను. అప్పు పుచ్చుకొనుటకు పనికివచ్చిన చేయి, తన సరకును లోకమునకు అమ్ముకొనుటకు పనికిరాకపోయెను!

మతధర్మమును కూడ గణింపవలెను. ఇస్లామునందు వడ్డీ నిషిద్ధము. అందుచే ఆ ప్రాంతములలో కొన్ని ఋణసంస్థలు మురాబహా అను పద్ధతిని అవలంబించును. దర్జీకి రొక్కము ఇయ్యక, కుట్టుయంత్రమును సంస్థయే కొని, లాభము ఇంతయని ముందుగా చెప్పి, ఆ ధరకు అతనికి అమ్మి, వాయిదాలలో పుచ్చుకొనును. ఇది మాటల మార్పే గదా యని కొందరు నవ్వుదురు. నేనట్లు నవ్వను. ఎదుటివాని ఆచారమునకు తగినట్లుగా తన లెక్కల పుస్తకమును మార్చుకొన్నవాడు అప్పటికే సంధికి ఒక అడుగు ముందుకు వేసినవాడు.

పాలస్తీనీయుల పక్షమున వినవలసిన ఆక్షేపణ యొకటి కలదు. 2008, 2009 ప్రాంతమున ఇజ్రాయెల్ నాయకుడు బెంజమిన్ నెతన్యాహు ఆర్థిక శాంతి యను మాటను ప్రచారము చేసెను. ముందు వ్యాపారములు వర్ధిల్లనిండు, రాజకీయ పరిష్కారము పిదప చూతమని దాని సారాంశము. మా భూమిని, మా దారిని, మా పౌరహక్కును ఇయ్యక కుట్టుయంత్రముతో సరిపెట్టుదురా అని పాలస్తీనీయులు అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. పాలివాని వాటా పొలమును అట్టిపెట్టుకొని, విత్తనములకు చేబదులిత్తునని వచ్చు అన్నను మన ఊళ్లలో మాత్రము ఎవరు మెచ్చుదురు? చిన్న అప్పు న్యాయమునకు బదులు కాదు. దానిని బదులుగా చూపువాడు, తెలిసియో తెలియకయో, వైరమునే పోషించును.

అప్పు తానే విభజనకు కారణమగుటయు కలదు. దీనికి సాక్ష్యము కొరకు సముద్రములు దాటనక్కరలేదు. గ్రామీణ బ్యాంకు నమూనాలో, ఒక్కరు కట్టనిచో తక్కినవారు కట్టవలెనను సమష్టి పూచీ యుండెను. లాభాపేక్షతో వచ్చిన సంస్థలు ఆ పూచీని ఆంధ్రదేశమున ఉరిత్రాడుగా మార్చినవి. 2006 లో కృష్ణా జిల్లా అధికారులు సుమారు ఏబది శాఖలను మూయించిరి. అయినను ఒకే యింటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చుట ఆగలేదు. వారము వారము వాయిదా; కట్టలేనివారి గడపలో తోటి స్త్రీలే బైఠాయించుట; నలుగురిలో నిందించుట. ఆత్మహత్యల వార్తలు వెలువడగా 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. పిదప అది చట్టమయ్యెను. నిన్నటి దాక ఒకరి పిల్లను మరొకరు ఎత్తుకొన్న స్త్రీలు ఆ వాయిదాల మూలమున పలుకరించుకొనుట మానిన ఊళ్లు ఎన్నియో! బోస్నియాలోను ఇట్టిదే జరిగెను. 1995 లో అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట, సెర్బులు, క్రొయేషియనులు, బోస్నియాకులు మరల బ్రదుకు ప్రారంభించుటకు చిన్న అప్పుల సంస్థలు ఎంతో తోడ్పడెను. కాని పోటీపడి ఇచ్చుటచే 2008, 2009 నాటికి పెక్కు కుటుంబములు అప్పుల ఊబిలో దిగబడెను. పొరుగువాని బాకీకి పూచీ నిలిచినవాడు ఆ బాకీని తాను కట్టవలసి వచ్చిననాడు పుట్టు పగ యుద్ధపు పగకు ఏమియు తీసిపోదు.

కాబట్టి ఏది నిలుచును, ఏది నిలువదు? పుచ్చుకొనువాని యందు శాంతిగుణము పుట్టించుటకు అప్పిత్తుమను ఆలోచన నిలువదు. దర్జీకి కావలసినది యంత్రము. అతడు శాంతిపాఠము కొరకు రాలేదు. పాతిక డాలర్లిచ్చి అతని మనస్సును మార్చగలమనుకొనుట ఒక విధమగు అహంకారము. మారవలసినవాడును, మారుటకు వీలున్నవాడును ఇచ్చువాడే. దూరమున సుఖముగా నుండి, తన జాతి పక్షమున ఉద్రేకపు మాటలు పలుకువారు ప్రతి వైరమునకును ఇంధనము చేరవేయుచుందురు. స్వదేశమున రాజీకి సిద్ధపడినవారిని కూడ ప్రవాసులు ఎగద్రోయుట చరిత్రలో తరచుగా కనబడును. లెండ్ ఫర్ పీస్ విద్యార్థులు పట్టుకొన్నది ఈ కొసను. వారి పనిలో నాకు విలువైనదిగా తోచినది ఇదియే. పాలస్తీనా గృహిణిని గూర్చి ఎన్నడును ఆలోచింపని యూదు కుటుంబము నెలకొక పర్యాయము ఆమె పేరు చదువవలసి వచ్చెను. నాటి వరకు వారు వినిన పేర్లు వార్తాపత్రికలలోని నేరస్థుల పేర్లు. ఇప్పుడు వినినది మాట నిలువబెట్టుకొన్న మనిషి పేరు. పిదప ఇజ్రాయెల్‌లోని చిరువ్యాపారులకు, ముఖ్యముగా నెగెవ్ ప్రాంతపు బెదూయిన్ స్త్రీలకు అప్పులిచ్చు స్థానిక సంస్థ కూడ కివాలో భాగస్వామి యయ్యెను. పాలస్తీనా సంస్థలు అంతకు మునుపే యుండెను. పటమున గోడకు ఇరుప్రక్కల నున్నవారు ఋణార్థుల పట్టికలో ఒకే వరుసలో నిలిచిరి.

ఇచ్చువారిలోని విభేదమును సైతము ఇది వింతగా వాడుకొన్న ఉదాహరణ యున్నది. 2008 లో కివా వారు అప్పిచ్చువారిని జట్లుగా చేరనిచ్చిరి. దేవుని నమ్మనివారు ఒక జట్టు, క్రైస్తవులు ఒక జట్టు కట్టి, ఎవరు ఎక్కువ అప్పిత్తురో చూతమని పోటీకి దిగిరి. ఆ రెండు జట్లును చాలకాలము అగ్రస్థానముల కొరకు పెనగులాడెను. వాదములో వారు రాజీపడలేదు, పడనక్కరయు లేకపోయెను. వారి జగడపు వేడికి ఎచ్చటనో ఒక మేకల కాపరి పొయ్యి రాజుకొనెను.

మన దేశమున ఇట్టి పనిని 2008 నుండి రంగ్ దే అను బెంగుళూరు సంస్థ చేయుచున్నది. నగరవాసి సొమ్మును గ్రామీణ రైతునకు, చేతిపనివానికి తక్కువ వడ్డీకి చేర్చుట దాని ఉద్దేశము. వ్యక్తులు వ్యక్తులకు అప్పులిచ్చు సంస్థలకు 2017 లో రిజర్వు బ్యాంకు నియమావళి వెలువరించెను. ఇచ్చినవాని సొమ్ముకు పూచీ ఎవ్వరును ఉండరాదని, నష్టము వచ్చినచో అతడే భరింపవలెనని ఆ నియమముల తాత్పర్యము. ఇది వినుటకు కఠినముగా నున్నను మన విషయమునకు ఎంతయు తగినది. పూచీ యున్నచోట నమ్మకముతో పనిలేదు.

2023 అక్టోబరు 7 న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1200 మంది మరణించిరి. పిదప గాజా యుద్ధమున పదుల వేల ప్రాణములు పోయెను. వెస్ట్ బ్యాంకు నుండి ఇజ్రాయెల్‌లో పనికి పోవుచుండిన లక్షకు పైగా కూలీల అనుమతులు నిలిపివేయబడినవి, దారులు మూతపడినవి, సంతలు చతికిలబడినవి. భర్త కూలిడబ్బుతో వాయిదా కట్టుచున్న స్త్రీకి ఆ నెల సొమ్ము ఏది? ఇట్టి సందర్భమున దూరపు ఋణదాతకు తెరపై కనబడునది ఒకే వాక్యము: ఈ నెల వాయిదా రాలేదు. దాని క్రింద కారణము ఉండవచ్చును, ఉండకపోవచ్చును. కొందరు ఆ పుటను మూసి, ఆ జాతి అంతియేనని తలపోయుదురు. కొందరు పటము తీసి, ఆ ఊరికిని సంతకును నడుమ ఎన్ని తనిఖీ చావడులున్నవో, ఆ వారము ఏ దారి మూసిరో వెదకుదురు. పాతిక డాలర్లు పోయినను ఆ ఊరి పేరు, ఆ దారి పేరు వీరికి నోటికి వచ్చును. మరుసటి నెల ఆ ఊరి వార్త పత్రికలో కనబడినపుడు దానిని దాటవేయక చదువుదురు.